ఒక్క ఇంటికే తాళమైతే

"దాచుకోవటానికి నీ దగ్గరేముంది?" అనే ప్రశ్నను ఈ దేశంలో అందర్నీ ఒకే గొంతుతో అడగరు. పెద్ద ఉద్యోగి తన ఫోనుకు తాళం వేసుకుంటే అది జాగ్రత్త. షావుకారు తన లెక్కలు ఎవరికీ చూపించకపోతే అది వ్యాపార రహస్యం. అదే పని ఒక సాయిబు చేస్తే దానికి పెట్టటానికి వేరే పేర్లు సిద్ధంగా వుంటాయి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసేనాటికి ఈ దేశంలోకి సెల్‌ఫోను ఇంకా రాలేదు. అనుమానం మాత్రం అప్పటికే వచ్చి కూర్చుని వుంది. ఇవాళ ఆ అనుమానానికి ఒక యంత్రం తోడు దొరికింది. దాన్ని మన డబ్బుతో మనమే కొనుక్కున్నాం. మన జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాం. రాత్రిపూట దానికి ఛార్జింగు పెట్టేదీ మనమే.

ఆ యంత్రంలో రోజూ వాడే యాప్‌లను తీసేసి, మన గుట్టు కాపాడే యాప్‌లు పెట్టుకోవాలా? పైకి ఇది ఫోన్లు బాగుచేసే షాపువాడిని అడగాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఒక ముస్లిం ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు దాని వెనకాల ఇంకోటి వచ్చి నిలబడుతుంది. నేను తలుపు వేసుకుంటే లోపల ఏం చేస్తున్నాననుకుంటారు? తలుపు తీసే వుంచితే ఎవరెవరు లోపలికొస్తారు? ఈ రెండిటి మధ్య మంచి దారేది?

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం. 2020 నవంబరులో 'మదర్‌బోర్డ్' అనే అమెరికా పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. నమాజు వేళలూ, ఖిబ్లా దిక్కూ చూపించే 'ముస్లిం ప్రో' యాప్ నుంచి దాన్ని వాడేవాళ్ళు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళుతోంది. ఆ కంపెనీ దగ్గర కొనేవాళ్ళలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లున్నారు. అప్పటికి ఆ యాప్‌ను 9 కోట్ల 80 లక్షల సార్లకు పైగా దించుకున్నారు. అది సింగపూర్ కంపెనీ యాప్. గొడవ బయటపడగానే ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నామని వాళ్ళు ప్రకటించారు. తర్వాత రెండు నెలలకు, 2021 జనవరిలో, 'సలాత్ ఫస్ట్' అనే మరో నమాజు యాప్ సంగతి కూడా ఇట్లాగే బయటికొచ్చింది. అక్కడ కొన్నది ప్రెడిసియో అనే ఫ్రెంచి కంపెనీ. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జనం మందిరాలకూ ఆసుపత్రులకూ వెళ్ళిన జాడ తెలిపే సమాచారాన్ని అమ్మకూడదని ఎక్స్-మోడ్‌నూ, దాని స్థానంలో వచ్చిన కంపెనీనీ కట్టడి చేసింది. అప్పటికి అమ్ముడుపోయింది ఎట్లాగూ అమ్ముడుపోయింది.

ఇందులో పని ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలి. యాప్ తయారు చేసేవాళ్ళు దాన్నంతా తామే రాయరు. బయటి కంపెనీలు రాసిచ్చిన ముక్కల్ని అందులో కలుపుతారు. అట్లాంటి ముక్క ఒకటి యాప్‌లో కూర్చుని ఫోను ఏ వేళకు ఎక్కడుందో తన కంపెనీకి పంపిస్తూ వుంటుంది. అందుకు యాప్ యజమానికి డబ్బు ముడుతుంది. పేరు రాసుకోలేదుగా అంటారు. ఫోను రోజూ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అది ఇల్లు. పగలు ఎక్కడుంటుందో అది పని. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడికి వెళుతుందో అది మసీదు. ఇవి మూడూ తెలిశాక పేరుతో పనేముంది?

ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, ఆ యాప్ చేసే పనికి ఈ సమాచారం ఎవరికీ పంపక్కర్లేదు. నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి. ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ తెలిస్తే ఒక చిన్న లెక్కతో అయిదు వేళలూ తేలిపోతాయి. ఆ లెక్క ఫోను లోపలే అవుతుంది. ఖిబ్లా సంగతీ అంతే. మా నందివాడ నుంచి మక్కా పడమరకు సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా వుంది. నందివాడ కదలదు, మక్కా కదలదు. మసీదు గోడకు తగిలించిన వేళల పట్టిక ఏళ్ళ తరబడి ఈ పని చేసింది. అది ఎవరెవరు వచ్చి చూశారో ఏనాడూ రాసుకోలేదు.

అయితే ఊళ్ళో వుండేవాడి మాట వేరు, తిరిగేవాడి మాట వేరు. మా గుడివాడ, నందివాడ చెరువుల నుంచి చేపలు ఎత్తుకుని బెంగాలు, అస్సాం వెళ్ళే లారీలున్నాయి. ఆ లారీ తోలే సాయిబుకు ఒక తెల్లవారుజాము ఒరిస్సాలో వస్తుంది, మరో తెల్లవారుజాము బెంగాల్లో వస్తుంది. పరాయి రాష్ట్రంలో, భాష తెలియని చోట దిక్కు చూపించే యాప్ అతనికి నిజంగా అవసరం. గోడ పట్టిక చూసుకో అని అతనికి చెప్పటం వెటకారమే అవుతుంది. కానీ అతనికి కూడా ఇంటర్నెట్ లేకుండా పనిచేసే యాప్ సరిపోతుంది. ఫోనులోని జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సంకేతం అందుకుంటుంది, అంతే. తానున్న చోటు తెలుసుకోవటానికి ఆ చోటును ఎవరికీ చెప్పక్కర్లేదు. దేవుడి వైపు తిరగటానికి అతను దారి అడిగాడు. ఆ అడగటాన్నే సరుకు చేసి అమ్ముకున్నారు. ఇక్కడ జరిగిన తప్పు అది.

"పల్లెటూళ్ళో గుట్టేమిటండీ? ఎవరింట్లో ఏం కూరో వీధంతా తెలుసు" అంటారు కొందరు. నిజమే. నేను ఏ పూట మసీదుకు వెళతానో మా వీధి చివర టీకొట్టు మామకు తెలుసు. మగ్రిబ్ నమాజు అయ్యే వేళకు పసిపిల్లల్ని చంకనేసుకుని మసీదు గుమ్మం దగ్గర దువా ఊదించుకోవటానికి నిలబడే హిందూ తల్లులకు తెలుసు. పీర్ల పండక్కి కలిసి నడిచినవాళ్ళకు తెలుసు. ఆ తెలియటంలో భయం లేదు. ఎందుకంటే వాళ్ళ సంగతులు నాకూ తెలుసు. టీకొట్టు మామ నన్ను చూస్తే నేనూ ఆయన్ని చూస్తాను. రేపు ఆయన నా గురించి తప్పు మాట చెబితే వెళ్ళి అడగగలను. సింగపూర్ నుంచి వర్జీనియాకు వెళ్ళిన ఆ పట్టికను నేను చూడలేను, అడగలేను, దిద్దించలేను. తెలిసి వుండటం వేరు, నమోదై వుండటం వేరు. మనుషుల మధ్య తెలిసినదాన్ని కాలం మరిపిస్తుంది, మన్నిస్తుంది. జాబితాకు మరుపు లేదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకనుకునేవాళ్ళు 2018 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూడగలిగేట్టు పడి వున్నాయి. హైదరాబాద్‌లో వుండే పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి దాన్ని బయటపెట్టారు. నంబర్ల కంటే భయపెట్టేది మరొకటుంది. అందులో జనాన్ని కులాన్ని బట్టీ మతాన్ని బట్టీ వెతకొచ్చు. ఏ ఇల్లు ఎక్కడుందో పటం మీద చూడొచ్చు. పేదవాడికి ఇల్లు ఇవ్వటానికి రాసుకున్న వివరాలవి. దురుద్దేశంతో రాశారని నేననటం లేదు. అజాగ్రత్తతో వదిలేశారు. కానీ జాబితా తయారైన రోజున ఎవరి ఉద్దేశం ఏమిటన్నది, ఆ జాబితా చేతులు మారిన రోజున పనికిరాదు. 2002లో గుజరాత్‌లో దాడులకు వచ్చినవాళ్ళ చేతుల్లో ముస్లింల ఇళ్ళూ దుకాణాల చిరునామాలతో కంప్యూటర్‌లో తీసిన కాగితాలున్నాయని అదే ఏడాది హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక రాసింది. ఇదంతా తెలిసినవాణ్ణి దాచుకోవటానికేముందని ఎట్లా అడుగుతాం?

ఈ విషయంలో మన సంప్రదాయం ఏమంటుందో కూడా చూడాలి. పరాయి ఇంట్లోకి అనుమతి అడక్కుండా, సలాం చెప్పకుండా వెళ్ళొద్దని ఖురాన్ 24వ సూరా 27వ ఆయత్ చెబుతుంది. 49వ సూరా 12వ ఆయత్ అనుమానాన్నీ, ఒకరి గుట్టు తవ్వటాన్నీ ఒకేచోట వద్దంటుంది. ఈ రెండూ పక్కపక్కన రావటం వూరికే కాదు. అనుమానం ముందు నడుస్తుంది, నిఘా దాని వెనక వస్తుంది. ఖలీఫా ఉమర్ గురించి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఆయన రాత్రి గస్తీలో ఒక ఇంట్లో చప్పుడు విని గోడ దూకి లోపలికెళ్ళాడు. లోపల ఒకడు తాగుతూ దొరికాడు. ఆ మనిషి భయపడలేదు. "నేను చేసింది ఒక తప్పు. మీరు మూడు చేశారు. గుట్టు తవ్వారు. తలుపు వుండగా గోడ దూకారు. అనుమతి అడగలేదు, సలాం చెప్పలేదు" అన్నాడట. ఖలీఫా అతన్ని వదిలి వెళ్ళిపోయాడట. ఇందులో అసలు బలం ఏమిటంటే ఆ మనిషి దగ్గర దాచుకోవటానికి నిజంగానే ఏదో వుంది. అయినా గోడ దూకటం తప్పే అయింది. గుట్టు అనేది మంచివాళ్ళకు ఇచ్చే బహుమతి కాదు. అది గడప వున్న ప్రతి ఇంటి హక్కు.

మతాన్ని పక్కనపెట్టి ఆలోచించే మిత్రులకు రాజ్యాంగమే వుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది గానీ, తన సంస్థలకు మినహాయింపులు ఇచ్చుకునే అధికారం ప్రభుత్వం తన దగ్గరే వుంచుకుంది. కాగితం మీది హక్కు వీధిలోకి వచ్చేసరికి ఎట్లా వుంటుందో హైదరాబాద్ చూసింది. 2021 అక్టోబరులో పోలీసులు దారిన పోయేవాళ్ళను ఆపి, వాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట వుందేమోనని వెతికిన వీడియోలు జనమంతా చూశారు. అదే ఏడాది మే నెలలో పాతబస్తీలో తనను ఆపి పోలీసులు ఫొటో తీసుకున్నాక, ముఖాలను గుర్తుపట్టే యంత్రాల వాడకం మీద ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఒక్క మనిషి అట్లా నిలబడి అడగటం చిన్న సంగతి కాదు.

మరి మార్చుకోవాలా? మార్చుకోవాలనే నేనంటాను. ఏ యాప్ పెట్టుకునే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది చేసే పనికి ఇది అడిగే అనుమతి అవసరమా? దీనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఇది లోపల ఏం చేస్తోందో తెలిసినవాళ్ళు తెరిచి చూడటానికి వీలుందా? టార్చిలైటు యాప్ నా ఫోను నంబర్ల పుస్తకం అడిగితే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోవాలి. దారి చూసుకోవటానికి ఆర్గానిక్ మ్యాప్స్ వుంది. ప్రపంచమంతటా జనం చేతులతో గీసుకున్న ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మీద నడుస్తుంది. జిల్లా పటం ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా దారి చెబుతుంది. వెతుకులాటకు డక్‌డక్‌గో, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ వున్నాయి. నమాజు వేళలకు నెట్‌వర్కు అనుమతే అడగని యాప్‌లు ఎఫ్-డ్రాయిడ్ అనే భాండాగారంలో దొరుకుతాయి. తెలుగు నేల మీద 'స్వేచ్ఛ' లాంటి సంస్థలు ఇట్లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ళుగా పనిచేస్తున్నాయి.

మాట్లాడుకోవటానికి సిగ్నల్ వుంది. ఇక్కడ నిజం నిజంగానే చెప్పుకోవాలి. వాట్సాప్‌లో మాటలు కూడా 2016 నుంచి తాళం వేసే వెళుతున్నాయి. ఆ తాళం సిగ్నల్ వాళ్ళ దగ్గర తెచ్చుకున్నదే. తేడా మాటల్లో లేదు, మాట చుట్టూ వుండే సంగతుల్లో వుంది. ఎవరు ఎవరితో, ఏ వేళకు, ఎన్నిసార్లు మాట్లాడారు, ఏ గ్రూపులో వున్నారన్న వివరాలు వాట్సాప్ యజమాని మెటా చేతుల్లోకి వెళ్ళగలవు. సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని ఫౌండేషన్. 2016లో అమెరికా కోర్టు ఒక ఖాతా వివరాలు ఇమ్మని అడిగితే, ఆ ఖాతా ఏ రోజు మొదలైందో, చివరిగా ఎప్పుడు వాడారో, ఆ రెండు ముక్కలే వాళ్ళు ఇవ్వగలిగారు. మిగతాది వాళ్ళు దాచుకోనేలేదు. లేనిది ఎవరూ లాక్కోలేరు.

ఇవి తాయెత్తులు కావు. టవరు మన ఫోనును చూస్తూనే వుంటుంది. ఫోనే చేతుల్లోంచి లాక్కుంటే ఏ యాప్ ఏం చేస్తుంది? పైగా మార్చుకోవటానికి ఖరీదుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా నందివాడ మండలం ఊళ్ళు నీళ్ళలో చిక్కుకున్నప్పుడు, ఎవరిల్లు ఎట్లా వుందో పొరుగూళ్ళలో వున్న పిల్లలకు తెలిసింది ఫోన్ల మీదే. చేపల ధర, పిల్లల బడి కబురు, పింఛను కబురు అన్నీ వాట్సాప్‌లోనే వున్నాయి. దాన్నొదిలి వెళ్ళమంటే ఊరొదిలి వెళ్ళమన్నట్టే. అందుకని ఒక్కరోజులో అన్నీ పీకేయమని నేను చెప్పను. ఇంటివాళ్ళతో, దగ్గరివాళ్ళతో మొదలుపెట్టమంటాను.

కానీ అసలు చిక్కు ఖరీదుది కాదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు సిగ్నల్ పెట్టుకుని, నువ్వు కూడా పెట్టుకోరా అని స్నేహితుణ్ణి అడిగాడు. ఆ స్నేహితుడు నవ్వుతూనే, "ఏం సాయిబూ, అందులో ఏం దాస్తున్నావ్?" అన్నాడు. వేళాకోళమే. ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా ఆ కుర్రాడు ఆ సాయంత్రమే దాన్ని తీసేశాడు. ఎవరూ బెదిరించలేదు, పోలీసు రాలేదు. ఒక్క నవ్వు సరిపోయింది. తెరిచి వుంచుకుంటే లిస్టుకెక్కుతాడు. మూసుకుంటే ఎందుకు మూశాడని మళ్ళీ లిస్టుకెక్కుతాడు. ముస్లింకు గోప్యత రెండంచుల మీద నడక అయిందంటే ఇందుకే.

అతని భయం ఒట్టిది కాదు. 2023 అక్టోబరులో పారిస్‌లో 'డిసెంబరు 8' కేసు అనే పేరుతో విచారణ జరిగింది. నిందితులు సిగ్నల్, టోర్ లాంటివి వాడటాన్నే రహస్య కార్యకలాపాలకు గుర్తుగా అక్కడ చూపించారు. వాళ్ళు ముస్లింలు కూడా కాదు, వామపక్ష కార్యకర్తలు. మన దేశంలో 2023 మే నెలలో కశ్మీరు ఉగ్రవాదులు వాడుతున్నారని చెప్పి ప్రభుత్వం 14 మెసేజి యాప్‌లను ఆపేసింది. వాటిలో ఎలిమెంట్, బ్రయర్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా వుంది. దొంగ కూడా తాళం వాడతాడు కాబట్టి తాళాలు అమ్మకూడదన్న న్యాయం ఇది.

ఈ చిక్కుకు ముస్లిం ఒక్కడూ విడుపు కనుక్కోలేడు. వీధిలో ఇళ్ళన్నీ తలుపులు బార్లా తీసి వుండగా ఒక్క ఇంటికే తాళం వేలాడుతుంటే, ఆ తాళం కాపలా కాయదు. ఇల్లెక్కడుందో చూపిస్తుంది. అన్ని ఇళ్ళకూ తాళాలున్న వీధిలో ఏ తాళమూ ఎవర్నీ పట్టివ్వదు. కాబట్టి లౌకికవాద మిత్రులను నేను అడిగేది సానుభూతి కాదు. మా మీద నిఘాను ఖండిస్తూ రాసిన వ్యాసాన్ని మీరు పంచుకుంటున్నది వాట్సాప్‌లోనే కదా. మాకంటే ముందు మీరు మారండి. మీ మామూలు మాటలు, పెళ్ళి పిలుపులు, కూర కబుర్లు, పిల్లల ఫొటోలు అందులోకి తీసుకురండి. దాచుకోవటానికేమీ లేనివాళ్ళు తాళం వేసుకుంటేనే, వేసుకోక తప్పనివాళ్ళకు అది నీడ అవుతుంది. మాట్లాడే యాప్‌కు ఎట్లాగూ ఇద్దరు కావాలి. నా ఒక్కడి ఫోనులో వున్న సిగ్నల్ మూగది. నేస్తం పెట్టుకున్ననాడే దానికి నోరొస్తుంది. మేము ఊరికి దూరంగా జరిగి గోడ కట్టుకుంటున్నామన్న అపవాదుకు కూడా జవాబు అదే. ఆ గోడ లోపల మీరూ వుంటే అది ఊరే అవుతుంది.

మన ముస్లింలతో కూడా ఒక మాట చెప్పాలి. గోడ దూకొద్దన్న న్యాయం ఖలీఫాకు వర్తించినప్పుడు ఇంటి పెద్దకు వర్తించదా? చెల్లెలి ఫోను అన్న వెతుకుతాడు. భార్య ఫోను తాళం భర్తకు చెప్పి తీరాలంటాడు. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' అనే పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలు దొంగిలించి వేలానికి పెట్టినట్టు చూపించిన నీచులు బయటివాళ్ళు. అప్పుడు "ఆడవాళ్ళు ఫొటోలు పెట్టడమెందుకు" అన్న గొంతులు మనలోంచి కూడా వచ్చాయి. నిఘా పెట్టిన రాజ్యాన్ని ప్రశ్నిస్తూ, ఇంట్లో మనమే చిన్న రాజ్యమైతే మన ప్రశ్నకు బలం ఎక్కడిది? గోప్యత ఖౌమ్‌కు ఇచ్చే ఉమ్మడి ఆస్తి కాదు. అందులోని ఒక్కొక్క మనిషిది, ముందుగా ఆడమనిషిది.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. గుట్టు చెప్పింది శత్రువు కాదు, ఇంటివాడే. మన ఇంట్లో ఇవాళ అట్లాంటి సభ్యుణ్ణి మనమే దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాం. వాణ్ణి తరిమేయక్కర్లేదు, వాడితో చాలా పనులున్నాయి. ఏది చెప్పాలో, ఎవరికి చెప్పాలో నేర్పించుకుంటే చాలు. ఆ నేర్పటం ఒక్క సాయిబు ఇంట్లోనే జరిగితే మళ్ళీ అనుమానమే పుడుతుంది. వీధి వీధంతా నేర్పుకుంటే మాత్రం, "దాచుకోవటానికేముంది?" అని ఏ ఒక్కణ్ణీ నిలబెట్టి అడిగేందుకు ఎవరికీ వీలుండదు.